కలివికోడి గురించి మేకల కాపర్లను కూడా అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు మన కడప జిల్లాలో కలివికోడి (ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్) అనే అరుదైన నేల పిట్ట కూతను రికార్డు చేసిన సంగతి మీద మీరు వేసిన కథనం చదివాను. పదిహేనేళ్ళకు పైగా జాడలేని పిట్ట బతికే ఉందని తెలిస్తే మా వైపు వాళ్ళకు సంతోషమే. కానీ పక్కన వేసిన ఫొటో కలివికోడిది కాదు, ఎర్ర తీతువుది. కంటి ముందు ఎర్రటి తోలు వేలాడుతూ, గొంతూ రొమ్మూ నల్లగా ఉండేది తీతువు. చెరువు గట్టు మీద, మడి గట్ల మీద పగలంతా అరుచుకుంటూ తిరుగుతుంది. ఆ బొమ్మ చూపించి ఇదే కలివికోడి అంటే మా ఊరి పిల్లలు ఒక్క పూటలో పాతిక కలివికోళ్ళను లెక్కపెట్టి వస్తారు. తర్వాత ఎవరైనా అధికారి వచ్చి అడిగితే "మా చెరువు నిండా అవే కదా సార్" అంటారు. ఇంతకుముందు కూడా ఇలాగే జరిగింది, అందుకే రాస్తున్నాను.

అసలు పిట్ట ముక్కు కొస నుంచి తోక కొస దాకా 27 సెంటీమీటర్లు. నెత్తి ముదురు గోధుమ రంగు. కంటి పైనుంచి వెనక్కి తెల్లటి పట్టీ. గొంతు కింద ఇటుక రంగు మచ్చ. రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమ రంగు పట్టీలు. ముక్కు మొదట్లో పసుపు, కొసన నలుపు. కాళ్ళు పాలిపోయిన పసుపు. రాత్రిపూట తిరిగేది కాబట్టి కళ్ళు పెద్దవి. ఈ గుర్తుల్లో రొమ్ము మీది రెండు పట్టీలు, గొంతు మీది మచ్చ, ఈ రెండూ కలిసి కనబడితేనే కలివికోడి అనుకోవాలి. 1988లో మన తపాలా శాఖ దీని బొమ్మతో రూపాయి స్టాంపు వేసింది. మీ ఆర్టిస్టుకు నమూనా కావాలంటే స్టాంపులు దాచుకునే వాళ్ళ దగ్గర అది ఇప్పటికీ దొరుకుతుంది.

నాది సిద్ధవటం మండలంలో లంకమల కొండల అంచున ఉన్న ఒక ఊరు. మా నాయన మేకలు మేపినాడు. నేను చదువు పదో తరగతితో ఆపి మేకల వెంట కొన్నాళ్ళు, కూలి పనులకు కొన్నాళ్ళు తిరిగి, ఇప్పుడు నిమ్మతోట చూసుకుంటున్నాను. 2000 తర్వాత ఈ పిట్ట మీద పెద్ద పరిశోధన జరిగిన రోజుల్లో పరిశోధకుల వెంట కూలికి పోయిన వాళ్ళలో నేనొకణ్ణి. చదువుకున్నవాడు రాసే ఉత్తరం కాదిది. కాకపోతే ఆ పిట్ట ఉండే ముళ్ళ కంపల్లో నడిచినవాణ్ణి. మీ కథనంలో, దాని తర్వాత వచ్చిన ఉత్తరాల్లో అందరూ చెప్పిన మందు ఒకటే: చుట్టూ కంచె వేయండి, మనుషులనూ పశువులనూ రానివ్వకండి అని. దాని మీదే నాకు అభ్యంతరం.

ఆ పని ఎలా ఉండేదో ముందు చెప్తాను. పిట్ట రాత్రి తిరిగేది. పగలు పొద నీడలో నేలకు కరుచుకుని కదలకుండా ఉండేది. పక్కనుంచి పోయినా కనబడదు. కనబడని పిట్టను లెక్కపెట్టేదెట్లా? అందుకని కంపల మధ్య ఖాళీల్లో నేల చదును చేసి, సన్నటి మట్టి జల్లెడ పట్టి, ఐదు మీటర్ల పొడవు, పావు మీటరు వెడల్పున పట్టీలుగా పరిచేవాళ్ళం. తెల్లారి పోయి ఏ కాళ్ళు పడ్డాయో చూడటం. కుందేలు, ఉడుము, ముంగిస, కౌజు, అన్నీ సంతకం పెట్టి పోయేవి. కలివికోడికి ముందుకు మూడు వేళ్ళే, వెనక వేలు ఉండదు. కొమ్మను పట్టుకుని కూర్చునే కాలు కాదది, పరిగెత్తే కాలు. కౌజుకు వెనక వేలు ఉంటుంది, అది మట్టిలో చిన్న చుక్కగా పడుతుంది. అట్లా వేరు చేసేవాళ్ళు. కొన్ని చోట్ల ఎదురు వచ్చిన దాన్ని తనకు తానే ఫొటో తీసే కెమెరాలు కూడా పెట్టారు. గాలి లేస్తే మట్టి పోయేది, వాన పడితే మళ్ళీ మొదటికి. మాకు కూలి వచ్చేది కాబట్టి మాకేం బాధ లేదు గానీ, ఎంఎస్సీలు చదివి వచ్చిన పిల్లలు తెల్లవారుజామున గొంతుక్కూచుని మట్టి వంక చూస్తుంటే మా ఊరి ఆడవాళ్ళకు నవ్వాగేది కాదు.

ఆ కష్టానికి ఫలితం వచ్చింది. ఏ పట్టీ మీద అడుగులు పడ్డాయో, దాని చుట్టూ పొదలు ఎన్ని ఉన్నాయో, ఎంత ఎత్తున్నాయో కొలిచి పోల్చారు. పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న చోట ఈ పిట్ట ఉండే అవకాశం ఎక్కువ అని తేలింది. అంతకంటే పలచబడితే రాదు. చిక్కబడినా రాదు. ఈ అంకె పత్రికల్లో ఎప్పుడూ రాదు. తెలుగుగంగ కాలువ గొడవ (దాని సంగతి తర్వాత చెప్తాను) గురించి వచ్చింది, కోర్టు గురించి వచ్చింది, విదేశీయులు వచ్చారని వచ్చింది. పిట్ట ఎట్లాంటి నేల కోరుకుంటుందన్నది మాత్రం రాలేదు.

ఆ నేల ఎట్లా ఉంటుందో చూడాలంటే సిద్ధవటం నుంచి బద్వేలు రోడ్డు మీద పోతూ కొండకూ పొలాలకూ మధ్యనున్న జాగా చూడండి. గుట్ట ఎక్కితే ఎర్రచందనం, ఇతర మాన్లు. కింద పొలాలు. మధ్యలో చదునుగా గులకరాళ్ళ నేల, దాని మీద కలివి, రేగు, పరిక, బలుసు, తుమ్మ, తంగేడు. మనిషి ఎత్తుకు అటూ ఇటుగా పొదలు, ఎండకు ఆరబెట్టిన గొడుగుల్లా ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. ఆ ఎడమే పిట్టకు కావాల్సింది. పొద నీడ పగలు దాక్కోవడానికి, ఖాళీ నేల రాత్రి పరిగెత్తి మేయడానికి. దీని తిండి చెదలు, చీమలు, ఇంకా నేల మీద పాకే పురుగులు. నాలుగడుగులు పరిగెత్తడం, టక్కున నిలబడటం, వంగి ఒకటి ఏరుకోవడం, మళ్ళీ పరుగు. కాళ్ళకు గడ్డి అడ్డం పడినా, కొమ్మలు నేలకు దిగినా ఆ పరుగు సాగదు.

ఇక్కడే నా అసలు మాట. ఆ పొదలు ఆ ఎత్తున, ఆ ఎడంతో ఎవరు ఉంచారు? దేవుడు వానలు తక్కువిచ్చాడు, రాళ్ళ నేల ఇచ్చాడు, సరే. మిగిలిన పని మేకలూ కట్టెలు కొట్టేవాళ్ళూ చేశారు. మేక గొర్రె లాంటిది కాదు. గొర్రె తల వంచి గడ్డి మేస్తుంది. మేక తలెత్తి, అవసరమైతే వెనక కాళ్ళ మీద లేచి నిలబడి, రేగాకూ పరికాకూ తుమ్మ చిగురూ గీరుకుంటుంది. మంద రోజూ పోయిన దారిలో పొద కొమ్మలు నేలకు దిగవు. కొత్తగా మొలిచిన మొక్క అక్కడికక్కడే పోతుంది, ఖాళీ ఖాళీగానే ఉంటుంది. ఇక మా ఆడవాళ్ళు పొయ్యిలోకి కట్టెలు కొట్టుకొచ్చేవాళ్ళు. తుమ్మ మాను కావడానికి వీల్లేకుండా కొట్టిన చోటే మళ్ళీ గుబురుగా చిగురించేది. పేడ పడిన చోట చెద పట్టేది, చెద ఉన్న చోటికి పిట్ట వచ్చేది. మా నాయన ఈ సంగతి తెలిసి మేపలేదు. ఆయనకు కావాల్సింది సాయంత్రానికి మేక కడుపు నిండటం.

ఇది నేను కల్పించి చెప్పే మాట కాదు. పశువుల మేత, కట్టెలు కొట్టడం పొదల సాంద్రతను మారుస్తాయని, మరీ ఎక్కువైతే పిట్టకు చేటని, అసలు లేకపోయినా పొదలు కమ్ముకుంటాయని పరిశోధన చేసినవాళ్ళే రాశారు. ఎంత మేత సరిపోతుంది అన్నది తేల్చాల్సిన పని.

ఇప్పుడు మా ఊరి సంగతి వినండి. గ్యాస్ సిలిండర్లు వచ్చాయి, కట్టెల కోసం పోయేవాళ్ళు తగ్గిపోయారు. వద్దనడం లేదు, పొగలో దగ్గి దగ్గి చచ్చినవాళ్ళు నాకు తెలుసు. పిల్లలు కువైట్ పోయారు. కువైట్ పోనివాళ్ళు కడపలోనో బెంగళూరులోనో ఉన్నారు. మేకల వెంట తిరిగే మనిషి దొరకడం లేదు. మా నాయన కాలంలో ఇంటింటికీ నాలుగైన్నా ఉండే మేకలు ఇప్పుడు రెండు మూడు ఇళ్ళకు మిగిలాయి. ఫలితం కొండ కింద కనబడుతుంది. ఒకప్పుడు మేము మేకలను తోలుకుని నేరుగా నడిచిపోయిన చోట ఇప్పుడు కొడవలి లేకుండా దూరలేం. దీనికి తోడు కాలువల వెంట, చెరువుల్లో సర్కారు తుమ్మ. అది ఏ ఎడాన్నీ మిగల్చదు.

ఇంకో వైపు ఏం జరిగిందో కూడా దాచను. నేను నిమ్మరైతుని. మా వైపు నిమ్మతోటలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ కంపల నుంచే. జేసీబీ పెడితే ఎకరం కంప పూటలో చదునవుతుంది. 1991, 2000 సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం ఒకటి ఉంది. ఆ కాలంలోనే ఇక్కడి చిట్టడవిలో పదో వంతుకు పైగా పోయిందని, ఎక్కువగా సాగుకే పోయిందని అది చెప్పింది. ఆ తర్వాతే జేసీబీలు ఊరూరా వచ్చాయి. దున్నిన చోట కంప పూర్తిగా పోయింది, దున్నని చోట పూర్తిగా చిక్కబడింది. పిట్టకు కావాల్సిన మధ్య రకం రెండు వైపుల నుంచీ తరిగిపోతోంది. కంచె ఒక వైపు మాత్రమే ఆపుతుంది.

మీ కథనంలో చరిత్ర కూడా కొంచెం కుదించారు. 1848లో దీన్ని లోకానికి తెలిపింది టి.సి. జెర్డాన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. మన నెల్లూరు, కడప ప్రాంతపు కొండల వైపు దొరికిన పిట్ట అది. ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయంగా పేరు పెట్టి వర్ణించాడు. ఆ తర్వాత బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1867లో, 1871లో గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో చూశాడు. 1900లో అనంతపురం దగ్గర క్యాంప్‌బెల్ చూశాడు. అంతే. 1930ల్లో, 1970ల్లో పేరున్నవాళ్ళు వెతికారు, దొరకలేదు. పుస్తకాల్లో అంతరించినట్టే రాసుకున్నారు.

1986 జనవరిలో దొరికింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ మా వైపు ఊర్లు తిరిగి, బొమ్మ చూపించి అడిగారు. రెడ్డిపల్లి దగ్గర రాత్రి టార్చిలైటు వెలుతురులో పిట్టను చేత్తో పట్టింది మాత్రం స్థానికుడు, రాత్రిళ్ళు పిట్టలు పట్టడం తెలిసిన మనిషి. కళ్ళలోకి వెలుతురు పడితే నేల పిట్ట బిత్తరపోయి నిలబడిపోతుంది. కౌజుల్నీ పూరేళ్ళనూ పట్టే పద్ధతే అది. 86 ఏళ్ళుగా శాస్త్రవేత్తలకు కనబడని పిట్ట ఎక్కడ మేస్తుందో ఆయనకు తెలుసు. పాపం ఆ పిట్ట ఎక్కువ కాలం బతకలేదు. కానీ దాని పుణ్యమాని 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, 464 చదరపు కిలోమీటర్లు. ఇందులో చాలా భాగం కొండ. పిట్ట ఉండేదేమో కొండ కింద. అభయారణ్యం గీత లోపల ఎంత ఉంది, బయట పట్టా భూముల్లో ఎంత ఉంది అనేది ఎప్పుడూ ఉన్న సమస్యే.

గుడ్డు సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నాకు చాలా ఇష్టమైన కథ అది. ఈ పిట్ట గూడును ఇంతవరకు అడవిలో ఎవరూ చూసి రాసిపెట్టింది లేదు. గుడ్డు ఎట్లుంటుందో ప్రపంచానికి తెలియదు. అట్లాంటిది 2013లో స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలో ఒకటి బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువుల డాక్టరు సేకరించింది. మ్యూజియంలో ఉన్న పాత పిట్టల డీఎన్‌ఏతో పోల్చి కలివికోడిదే అని తేల్చారు. దాదాపు వందేళ్ళు ఆ గుడ్డు పెట్టెలో ఉంది, దేన్నని ఎవరికీ తెలియకుండా. అంటే అప్పట్లో అనంతపురం అవతల కోలారు దాకా ఇది ఉండేదన్నమాట. ఇప్పుడేమో లంకమల చుట్టుపక్కలే. ప్రపంచం మొత్తం మీద ఎదిగిన పిట్టలు 50 నుంచి 249 మధ్య ఉండొచ్చని అంతర్జాతీయ సంస్థల అంచనా. ఆ అంకెల మధ్య ఎడం చూస్తేనే తెలుస్తుంది, ఎవరి దగ్గరా నిజమైన లెక్క లేదని.

కాలువ విషయంలో రైతులను విలన్లను చేసి రాయడం నాకు నచ్చలేదు. 2005లో తెలుగుగంగ కాలువ పని పిట్ట ఉండే చోట మొదలైంది. అభ్యంతరాలు వచ్చాయి, సుప్రీంకోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ దాకా పోయింది. చివరికి కాలువ దారి మార్చారు. పిట్ట కోసం సుమారు 3,000 ఎకరాలు సేకరించే ఏర్పాటు జరిగింది. ఆ రోజుల్లో టీ అంగళ్ళ దగ్గర మా వాళ్ళు పిట్టను తిట్టని తిట్టు లేదు. నీళ్ళ కోసం ఎదురుచూసే మనిషికి కోపం రావడం సహజం. అయినా ఆ రోజు ఎవరూ మా దగ్గరికి వచ్చి, కాలువ ఇటు పోతే ఇదీ నష్టం, అటు పోతే మీకు నీళ్ళు ఇట్లా వస్తాయి అని కూర్చోబెట్టి చెప్పలేదు. పేపర్లో చదివి తెలుసుకున్నాం. ఇప్పుడైనా అట్లా చేయకండి అని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నా.

ఇక చేయాల్సింది ఏమిటంటే, నా తెలివికి తోచింది చెప్తాను. పిట్ట కోసం తీసుకున్న నేలను ముక్కలుగా విడగొట్టి పరీక్ష పెట్టండి. ఒక ముక్కలోకి మేకలు అసలు రావు. ఒక ముక్కలోకి ఇన్ని మేకలు, ఇన్ని నెలలు అని లెక్క కట్టి వస్తాయి. ఒక ముక్కలో మేకలు లేకుండా మనుషుల చేతే కొన్ని పొదలు కొట్టించండి. మూడింటిలోనూ మట్టి పట్టీలు, కూతలు రికార్డు చేసే యంత్రాలు పెట్టండి. రెండు మూడేళ్ళలో ఎక్కడ చెద ఎక్కువ, ఎక్కడ ఎడం మిగిలింది, ఎక్కడ కాళ్ళ గుర్తులు పడ్డాయి, అన్నీ తెలుస్తాయి. నా మాట తప్పయితే తప్పని తేలుతుంది. కాపరుల వెంట కుక్కలు పోకూడదు, అది మొదటి షరతు. నేల మీద గుడ్డు పెట్టే పిట్టకు కుక్క కంటే పెద్ద శత్రువు లేదు. ఎండాకాలంలో నిప్పు పెట్టకూడదు.

రెండోది, పచ్చదనం పేరుతో ఆ చదును కంపల్లో మొక్కలు నాటే కార్యక్రమాలు పెట్టకండి. గుంతలు తీసి వేప, కానుగ నాటితే ఫొటోకు బాగుంటుంది. వాటి నీడ కమ్మితే అది కలివికోడి నేల కాదు. నీటి గుంతలకని, కందకాలకని జేసీబీ దింపడమూ అంతే. రికార్డుల్లో బీడు అని రాసి ఉన్న నేలకు ఏదో ఒకటి చేయకపోతే మన అధికారులకు నిద్ర పట్టదు. ఈ ఒక్క చోట ఏమీ చేయకుండా ఉంటే మేలు. ఇప్పటికే వేసిన నిమ్మతోటలు పీకమని ఎవరూ అడగడం లేదు, నేనూ ఒప్పుకోను. కొత్తగా దున్నబోయే కంప పట్టాదారుకు దున్నకుండా ఉంచినందుకు ఏటా ఎకరాకు ఇంత అని ఇస్తే చాలామంది ఒప్పుకుంటారు. రాళ్ళ నేల, బోరు వేస్తే నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు, అప్పు చేసి తోట పెట్టడం కంటే అది నయం. ఈ లెక్క మా ఊళ్ళో పదిమందిని అడిగితే పదిమందీ చెప్తారు.

మూడోది కొంచెం సున్నితం. లంకమల ఎర్రచందనం అడవి. రాత్రిపూట టార్చి పట్టుకుని కంపల్లో కనబడినవాడు దొంగ కిందే లెక్క. ఫారెస్టు వాళ్ళ తప్పు కూడా కాదు, వాళ్ళు పడే టెన్షన్ వాళ్ళది. కానీ ఈ పిట్ట రాత్రిది. స్థానికులను పక్కన పెట్టి దీన్ని కనిపెట్టుకుని ఉండటం అయ్యే పని కాదు. ఊరికి నలుగురిని ఎంచి, గుర్తింపు కార్డులు ఇచ్చి, కూత గుర్తుపట్టడం నేర్పించి, ఫారెస్టు బీట్ ఆఫీసర్‌తో కలిసి వెళ్ళేట్టు చేస్తే రెండు పనులూ అవుతాయి. అడవిలో తెలియని అలికిడి అయితే ముందు వాళ్ళకే తెలుస్తుంది కదా. పిట్టలు పట్టే పని వదిలేసిన పెద్దవాళ్ళు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. రాత్రి పూట నేల మీది కదలికను వాళ్ళు చదివినట్టు ఎవరూ చదవలేరు. వాళ్ళకు కూలి కాదు, జీతం ఇవ్వండి.

కూత దొరికిన చోటు ఎక్కడో మీరు రాయలేదు, చాలా మంచి పని చేశారు. దయచేసి ఇకముందు కూడా రాయకండి. కెమెరాలతో కార్లేసుకుని వచ్చే వాళ్ళకు కొదవ లేదు. స్పీకర్లో కూత పెట్టి పిట్టను పిలవడం పరిశోధకులు లెక్క కోసం చేశారు, అనుమతితో, పద్ధతిగా. సరదాకు రోజూ పదిమంది చేస్తే ఆ పిట్ట తన జాగాలోకి ఎవరో వచ్చారనుకుని మేత మానేసి తిరుగుతుంది.

చివరగా మీ పాఠకులకు ఒక మనవి, ముఖ్యంగా భద్రాచలం వైపు, అనంతపురం వైపు, నెల్లూరు జిల్లాలో వెలిగొండల కింద ఉండేవాళ్ళకు. ఒకప్పుడు మీ ప్రాంతాల్లోనో, వాటికి దగ్గర్లోనో ఇది ఉండేది. మీ ఊరి పక్కన పొదలు ఎడంగా ఉన్న చదును కంప మిగిలి ఉంటే, పొద్దు గూకిన ముప్పావు గంటకు దాని అంచున కాసేపు మాట్లాడకుండా కూర్చోండి. కౌజులు చీకటి పడకముందే కూసి ఊరుకుంటాయి. తీతువు ఎప్పుడైనా అరుస్తుంది, దాని గొంతు మీకు తెలుసు. వాటిలో కలవకుండా "ట్విక్-టూ, ట్విక్-టూ" అని రెండు ముక్కల ఈల, ఇంచుమించు సెకనుకొకటి చొప్పున, వరసగా వినిపిస్తే జాగ్రత్తగా వినండి. ఒకటి మొదలుపెడితే కొంచెం దూరంలో ఇంకొకటి జవాబు చెప్పొచ్చు. కొన్ని నిమిషాలు, మహా అయితే ఇరవై నిమిషాలు, ఆ తర్వాత ఆపేస్తాయి. ఫోన్లో రికార్డు చేయండి, తేదీ, టైము, చోటు రాసుకోండి. లైటు వేయకండి, లోపలికి పోకండి. ఆ రికార్డు మీ ఫారెస్టు రేంజి ఆఫీసులో ఇవ్వండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఉత్తరం పెద్దదైంది. చోటు చాలకపోతే కాలువ గురించి రాసింది తీసేయండి. మేకల గురించి రాసింది మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక నిమ్మరైతు,
సిద్ధవటం మండలం, కడప జిల్లా